పండక్కి పదమూడుమంది, ఒకటే గీజరు

(గుంటూరులో ముప్పై ఒక్కేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచరుగారు పాఠకుల ఉత్తరాలకు రాసే జవాబులు)

ప్రశ్న: టీచరుగారూ, నమస్తే. మేము ముగ్గురం. నేను హైదరాబాదులో, అన్నయ్య బెంగళూరులో, చెల్లి వైజాగులో ఉంటాం. గుంటూరు బ్రాడీపేటలో నాన్న కట్టిన ఇల్లు నిరుడు అపార్ట్‌మెంటుకని బిల్డరుకి ఇచ్చేశాం. అమ్మావాళ్లు ఇప్పుడు కొరిటెపాడులో రెండు బెడ్రూముల అద్దె ఫ్లాటులో ఉంటున్నారు. సంక్రాంతికి పిల్లాజెల్లాతో పదమూడుమందిమి అవుతాం. అన్నయ్య హోటల్లో రెండు రూములు తీసుకుంటానని ఫోన్లో చెప్పాడు. అమ్మ టక్కున ఫోన్ పెట్టేసింది. అప్పట్నుంచి "నాకు ఈ ఏడు పండగ లేదు" అంటోంది. ఇదంతా వదిన పనే అని అమ్మ అనుమానం. నేను ఎవరి వైపు మాట్లాడాలి?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: ఎవరి వైపూ వద్దమ్మాయ్. ముందు లెక్క చూద్దాం, నా అలవాటు ఎక్కడికి పోతుంది.

అద్దె ఫ్లాటులో ఉండేది మామూలుగా పాతిక లీటర్ల గీజరు. తలంటి పోసుకుంటే ఒకసారి కాగిన నీళ్లు ఇద్దరికి, మహా అయితే ముగ్గురికి వస్తాయి. మళ్లీ కాగడానికి అరగంట పైమాటే. పదమూడుమందికి కనీసం ఐదు విడతలు. భోగినాడు నాలుగింటికి మీ అమ్మ మొదలుపెడితే ఆఖరివాడికి నీళ్లు దొరికేసరికి ఆరు దాటుతుంది, మధ్యలో కరెంటు పోకపోతే. కాబట్టి మీ అన్నయ్య లెక్క తప్పు కాదు. చెప్పిన తీరు తప్పు.

పదేళ్ల కిందట మా అబ్బాయి పుణె నుంచి వచ్చి స్నేహితుడి ఇంట్లో పడుకుంటానన్నాడు. మా ఆడపడుచు కుటుంబం అప్పటికే దిగి ఉంది, హాల్లో అడుగు తీసి అడుగు వేసే చోటు లేదు. అయినా నేను వాడితో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. "కన్నకొడుకు పరాయింట్లో పడుకున్నాడట" అని ఎవరో అంటారని నా బెంగ. ఎవరూ అనలేదు. భోగినాడు నాలుగున్నరకి వాడు తడి తలతో స్కూటరు దిగి, అగ్గిపెట్టె ఏదమ్మా అన్నాడు. ఆ పూట నేను వేడివేడి నీళ్లు పోసుకున్న సంగతి వాడికి ఇప్పటికీ చెప్పలేదు.

మీ అమ్మగారి సంగతి వేరు. ఆవిడ నిరుడే ఇల్లు వదిలి వచ్చింది. ఇప్పుడు కొడుకు హోటలు అంటే ఆవిడ చెవికి "నీకిక ఇల్లు లేదులే" అన్నట్టు వినపడుతుంది. మధ్యలో పాపం మీ వదిన ఏం చేసింది? రూము సంగతి ఎత్తింది మీ అన్నయ్య అని నువ్వే రాశావు.

నువ్వు చేయాల్సింది ఒకటే. అమ్మకి ఫోన్ చేసి, "ఎవరెవరిని ఎక్కడ పడుకోబెడతావే?" అని అడుగు. ఏర్పాటు ఆవిడ చేతిలో పెట్టు. అరగంటలో ఆవిడకే తెలుస్తుంది పరుపులు చాలవని. అప్పుడు పక్క ఫ్లాటు గుర్తుచెయ్యి. మన గుంటూరు అపార్ట్‌మెంట్లలో పండక్కి సగం తలుపులకి తాళాలే, ఎవరి పల్లెకి వాళ్లు పోతారు. మొక్కలకి నీళ్లు పోయమని తాళంచెవి ఎవరో ఒకరు మీ అమ్మకి ఇచ్చే పోతారు. వాళ్లు ఊరెళ్లకముందే మూడు రాత్రులకి గది అడగమను. అది కుదరకపోతే హోటలే, కానీ "అబ్బాయ్, మీరు హోటల్లో పడుకోండి, తెల్లారేసరికి ఇక్కడుండాలి" అన్న మాట ఆవిడ నోటి నుంచి రావాలి.

భోగిమంట సెల్లారులో వేయొద్దు, బళ్లుంటాయి. గేటు బయట వేసుకోండి. గొబ్బెమ్మలకి పేడ కావాలంటే పాలాయన్ని రెండు రోజుల ముందే అడగాలి. హరిదాసు మూడో అంతస్తుకి ఎక్కి రాడు కాబట్టి చెల్లెలి బిడ్డని ఎత్తుకుని మీరే కిందికి దిగండి. ఆ సాయంత్రం బిడ్డకి భోగిపళ్లు పోసేటప్పుడు రేగుపళ్లు, శనగలు, చిల్లర హాలంతా దొర్లుతాయి. పరుపులు ఆ తర్వాత పరవండి, లేకపోతే రాత్రంతా వీపు కింద రేగుపళ్లే.

ఇంకో సంగతి. ఇంత ఉత్తరంలో అమ్మ ఉంది, అన్నయ్య ఉన్నాడు, వదిన మీద అనుమానం కూడా ఉంది. మీ నాన్నగారి మాట ఏదీ? "నాన్న కట్టిన ఇల్లు" అని ఒక్కసారి రాసి ఊరుకున్నావు. పెద్దలకి బట్టలు పెట్టుకునేది సంక్రాంతినాడు. ఇన్నేళ్లూ ఏ గోడ దగ్గర పీట వేశారో ఆ గోడ ఇప్పుడు లేదు. కొత్త చోట ఎక్కడ పెట్టాలో ఆయన ఇంకా తేల్చుకుని ఉండరు, అడగరు కూడా. మీ ముగ్గురూ అడగండి. ఆ సాయంత్రం ఆయన్ని తీసుకుని బ్రాడీపేట వెళ్లండి. ఏ లైనులో ఏ అడ్డరోడ్డో పిల్లల చేత చెప్పించండి, అక్కడ లైన్లకీ అడ్డరోడ్లకీ నంబర్లే కదా, తప్పు చెబితే నేను ఊరుకోను. బోరు ఎక్కడ ఉండేదో, ఏ మెట్టు మీద నీకు మోకాలు కొట్టుకుపోయిందో ఆయన ఖాళీ జాగాలో వేలు పెట్టి చూపిస్తారు. బిల్డరు, చదరపు అడుగులు, కొత్త ఫ్లాటు ఎవరి పేరన అన్న మాటలు మాత్రం ఎత్తకండి.

ప్రశ్న: గుంటూరు రైలుకి ప్రతి సంక్రాంతికీ వెయిటింగ్ లిస్టే. ఎప్పుడు బుక్ చేయాలి?
(ఒక పాఠకుడు, మియాపూర్)

జవాబు: 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది. జనవరి 13 ప్రయాణానికి నవంబరు 14 పొద్దున 8 గంటలకి కూర్చోవాలి. నువ్వు డిసెంబరులో ఉత్తరం రాశావు నాయనా! ఇక మిగిలింది తత్కాల్: ముందురోజు ఏసీకి 10 గంటలకి, స్లీపరుకి 11కి. కారుంటే విజయవాడ హైవే మీద కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర బారులు తీరకుండా నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండ వైపు తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా రా. అంతకుముందు వచ్చే పంతంగి టోల్‌గేటు ఎలాగూ తప్పదు. తిరుగు ప్రయాణం కనుమనాడు పెట్టుకోకు. ఆ రోజు కాకి కూడా కదలదంటారు. మీ మేనేజరుకి ఆ సంగతి తెలియదు, నువ్వే చెప్పాలి.

ప్రశ్న: నేను వండిన అరిసెలు నూనెలో విడిపోతున్నాయి. అత్తగారు ఈసారి నవ్వకుండా చూడండి.
(ఒక కొత్త కోడలు, తెనాలి)

జవాబు: పాకం లేతగా దించేస్తున్నావు. పళ్లెంలో నీళ్లు పోసి ఒక చుక్క వెయ్యి, వేళ్లతో చుడితే మెత్తని ఉండ రావాలి. ముదిరితే రాళ్లవుతాయి, లేతైతే నూనెలో చెదురుతాయి. బియ్యం పిండి తడి ఆరకముందే కలపాలి. మొదటి అరిసె విడిపోతే గిన్నెలో ఇంకాస్త తడిపిండి కలిపి చూడు. ఆ విడిపోయినదాన్ని మాత్రం అత్తగారు వంటింట్లోకి రాకముందే తినేసెయ్.