అమెరికాలో డిగ్రీకి ఫారిన్ లాంగ్వేజ్ తప్పనిసరి అంటున్నారు, మన తెలుగు లెక్కలోకి వస్తుందా?

విజయనగరంలో ఇంటర్ పూర్తిచేసి అమెరికాలో డిగ్రీకి వెళ్తున్న తమ్ముడి ప్రశ్న ఇది. చాలాచోట్ల వస్తుంది తమ్ముడూ, కానీ నోరు తెరిచి అడగాలి.

ఆర్ట్స్, సైన్స్ డిగ్రీలకు అక్కడ చాలా యూనివర్సిటీలు రెండు నుంచి నాలుగు సెమిస్టర్లు భాష చదవమంటాయి, లేదా వచ్చని రుజువు చూపమంటాయి. ఇంజనీరింగైతే చాలాచోట్ల ఈ గొడవే ఉండదు.

చిక్కల్లా రుజువు దగ్గరే. మార్కులు బాగా పడతాయని మనవాళ్లు ఇంటర్లో సంస్కృతం తీసుకుంటారు కదా, ఇక ఆ మెమోలో తెలుగు ఊసే ఉండదు. పదో తరగతి మెమోలో ఫస్ట్ లాంగ్వేజ్ కింద ఉన్న తెలుగే నీకు దిక్కు. దాన్ని సూట్‌కేసు అడుగున పడేయకు, చేతి బ్యాగులో పెట్టుకో. ఇంగ్లిష్ మీడియం వాళ్లను కొన్నిచోట్ల విడిగా పరీక్ష రాయమంటారు. రాయడం, చదవడం కూడా చూస్తారు, మాట్లాడేస్తే సరిపోదు.

ఆరు నుంచి పది దాకా హిందీ చదివాం కదా, ఏ స్థాయి క్లాసులో వేయాలో తేల్చే ప్లేస్‌మెంట్ టెస్ట్ అందులో రాస్తే పోలా అనుకోకు. 20 మార్కులకే పాసైపోయిన హిందీ అది!

విస్కాన్సిన్-మాడిసన్, బర్కిలీ లాంటి యూనివర్సిటీల్లో తెలుగు కోర్సులే నడిపారు. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడేవాణ్ని అఆల క్లాసులో కూర్చోనివ్వరు.

కోర్సులు రిజిస్టర్ చేసుకునే ముందే, కోర్సుల ఎంపికలో దారి చూపే అడ్వైజర్‌కు మెమో స్కాన్ జతచేసి మెయిల్ పెట్టు. స్పానిష్ క్లాసులో చేరిపోయి కొన్ని వారాలు గడిచాక ఫీజు వెనక్కి రాబట్టడం కష్టం.