అమ్మవారు పోస్తే యాపాకు కట్టుకోండి గానీ, ఇవి కూడా చూస్కోండి

పాపా,

బుడ్డోన్ని ప్లేస్కూల్‌లో ఏసినప్పట్నుంచి ఏదో ఒక జ్వరమే పెద్దమ్మా అని వాట్సాప్‌లో పెట్టినావు కదా, కొత్తగా పోయే పిల్లోల్లకు మొదట్లో అంతే, జలుబు పోతే దగ్గు, దగ్గు పోతే కండ్లకలక, నువ్వు సరిగ్గా చూస్కోలేదని ఎవరన్నా అంటే ఇనొద్దు.

గుంతకల్లులో మీ వీధిలో ఇద్దరికి అమ్మవారు, అదే చికెన్‌పాక్స్, పోసిందంటివి. అది పొక్కులు కనపడే ఒకట్రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, అన్నీ పక్కు కట్టేదాకా అంటుతానే ఉంటుంది, అందుకే వాళ్లతో మనోడు ఆడుకునింటే ఇప్పుడు తలుపేసుకున్నా లాభం లేదు, 10 నుంచి 21 రోజుల్లో ఎప్పుడైనా బయటపడొచ్చు. గోర్లు మాత్రం ఇప్పుడే కత్తిరించు, గోకితే చీము పడ్తుంది.

మీ అత్త గుమ్మానికి యాపాకు కడ్తానంటే కట్టనీ, దానికి గొడవెందుకు. ఒంటికి నీళ్లు పోయొద్దు, ఉప్పు పెట్టొద్దు, డాక్టర్ దగ్గరికి పోతే తల్లికి కోపమొస్తుంది అంటే మాత్రం ఒప్పుకోవద్దు. గోరువెచ్చని నీళ్లు పోసి మెత్తని గుడ్డతో అద్దు, రుద్దొద్దు. పెరుగన్నమో రాగి అంబలో, నోట్లో పొక్కులుంటే ఏది దిగితే అది. జ్వరానికి పారాసిటమాల్ సిరప్, అదీ బరువు చూసి డాక్టర్ చెప్పినంతే, ఆస్ప్రిన్ అస్సలు వద్దు, పిల్లలకు మెదడు, లివర్ దెబ్బతినే ప్రమాదముంది. ఇంకోటి, మీ ఆడబిడ్డ కడుపుతో ఉంది కదా, ఆమెకు చిన్నప్పుడు పోసిందో లేదో కనుక్కో, పోయలేదంటే మీ ఇంటిపక్కకే రావద్దను, ఇప్పటికే వచ్చి పోయుంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చెప్పమను.

తట్టు వేరే. దాంట్లో ముందు జ్వరం, దగ్గు, ముక్కు కారేది, కండ్లు ఎర్రబడేది, తర్వాత దద్దు మొహం నుంచి కిందికి దిగుతుంది, నీళ్ల పొక్కులుండవు. దానికి నర్సమ్మ ఊరికే ఏసే ఎంఆర్ (మీజిల్స్ అంటే తట్టు, రుబెల్లా) టీకా ఉంది, 9 నెలలు నిండినాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకోటి, మర్చిపోయేది ఆ రెండోదే. అమ్మవారిది, గవదబిళ్లలది ప్రభుత్వం టీకాల్లో లేవు, ప్రైవేట్‌లో ఏయించుకోవాల.

విరేచనాలైతే ఓఆర్‌ఎస్, పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు మొత్తం కలపాల, సగం సగం వద్దు. జింక్ రాసిస్తే ఆగిపోయినా 14 రోజులూ ఇయ్యి.

పొద్దున్నే సిరప్ తాగించి జ్వరం కనపడకుండా స్కూల్‌కి పంపే తల్లులున్నారే, వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మధ్యాహ్నానికి మందు దిగిపోతుంది, అప్పటికి క్లాసంతా పంచేసుంటాడు!

బిడ్డ ఏమీ తాగకపోయినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, డొక్కలెగరేసినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా చూడొద్దు, 108కి చేసి పెద్దాసుపత్రికి పోండి. మూడు నెలల్లోపు బిడ్డకైతే ఉత్త జ్వరమొచ్చినా అంతే.

టీకా కార్డు ఫోటో తీసి పంపు, రెండో ఎంఆర్ పడిందో లేదో నేను చూస్తా.

అనంతపురం నుంచి మీ పెద్దమ్మ