ఇంటి పన్ను బిల్లులో ఈ చెట్ల ఖర్చేమిటి?

కౌంటీల నుంచి పన్ను బిల్లులు రాగానే కాలిఫోర్నియా పాఠకుల దగ్గర్నుంచి మాకు ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి, అందుకని ఈ నెలకి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను.

ప్రశ్న: నిరుడు శాక్రమెంటో దగ్గర కొత్త కమ్యూనిటీలో ఇల్లు కొన్నాం. బిల్లులో ఇంటి విలువ మీద వేసిన పన్ను కాక, కింద ఇంకో గడిలో ‘ల్యాండ్‌స్కేపింగ్ అండ్ లైటింగ్’ అని 214 డాలర్లు ఉంది. రోడ్డుకి అవతల పాత కాలనీలో మా వారి కొలీగ్‌ది మాకన్నా పెద్ద ఇల్లు, వాళ్ళ బిల్లులో ఈ లైనే లేదట! పైగా మేం హెచ్‌ఓఏకి (కమ్యూనిటీలోని ఇళ్ళ యజమానుల సంఘానికి) నెలనెలా కడుతూనే ఉన్నాం. ఇదేం న్యాయం?
– ఒక పాఠకురాలు

జవాబు: న్యాయం సంగతి తర్వాత చూద్దాం, ముందు అదేమిటో తెలియాలి కదా. అది పన్ను కాదండీ. పన్ను బిల్లులోనే వస్తుంది, కట్టకపోతే పన్నుకి పడినట్టే పెనాల్టీ పడుతుంది, కానీ చట్టం దాన్ని ‘అసెస్‌మెంట్’ అంటుంది. మీ ఇంటి చుట్టుపక్కల చేసిన పని వల్ల మీ స్థలానికి ప్రత్యేకంగా ఒనగూరిన లాభం ఏదైతే ఉందో, దానికి మీ వంతు ఖర్చన్నమాట. అందుకే మీ ఇల్లు ఎంత పెట్టి కొన్నారన్నదానితో దానికి సంబంధం లేదు.

1972లో కాలిఫోర్నియాలో ల్యాండ్‌స్కేపింగ్ అండ్ లైటింగ్ యాక్ట్ వచ్చింది. ఊళ్ళో కొంత ప్రాంతానికి ‘డిస్ట్రిక్ట్’ అని హద్దు గీసి, ఆ హద్దు లోపలి పార్కులు, వీధి దీపాలు, డివైడర్ మీద చెట్లు వీటన్నిటి ఖర్చునీ అక్కడి స్థలాల మీదే పంచుకోవచ్చని సిటీలకీ కౌంటీలకీ వీలిచ్చింది. తర్వాత 1978లో ఓటర్లు నేరుగా ఓటేసి ప్రాప్ 13 అనే ప్రతిపాదనని నెగ్గించారు. దాని ప్రకారం విలువ మీద వేసే ఇంటి పన్ను మామూలుగా 1 శాతం దాటకూడదు, ఇల్లు చేతులు మారేదాకా లెక్కలోని ఆ విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు. అప్పటికే ఇళ్ళున్నవాళ్ళకి పండగే. సిటీకి మాత్రం, 30 ఏళ్ళ కిందట కొన్నాయన దాదాపు ఆనాటి ధర మీద పన్ను కడుతుంటే, గడ్డి కోసే కాంట్రాక్టరేమో ఈనాటి కూలి అడుగుతాడు. ఆ లోటు పూడ్చుకోవడానికి సిటీలకి దొరికిన దారుల్లో ఈ 1972 చట్టం ఒకటి.

ఇక రోడ్డుకి అవతలి ఇంటి సంగతి. బిల్డర్ లేఅవుట్ పట్టుకుని వెళ్ళినప్పుడే సిటీవాళ్ళు అడుగుతారు, నువ్వు పెట్టే ఈ చెట్లకి రేపు నీళ్ళెవరు పోస్తారు, ఈ దీపాలకి కరెంటు బిల్లెవరు కడతారు అని. డిస్ట్రిక్ట్‌లో చేరుస్తానంటాడు బిల్డర్. అప్పటికి స్థలమంతా ఆయనదే కాబట్టి ఒప్పుకునేదీ ఆయనే, తర్వాత ఏళ్ళ తరబడి కట్టేది మీరు. ఇల్లు కొన్న రోజు మీ చేత పెట్టించిన సంతకాల కట్టలో ఈ ముక్క కూడా ఎక్కడో ఉండే ఉంటుంది, వెతకండి. పాత కాలనీలు చాలాచోట్ల సిటీ సాధారణ నిధి మీదే నడిచిపోతున్నాయి. కాబట్టి మీ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పాలంటే, కొత్తగా వచ్చినవాళ్ళ మీదే బరువు ఎక్కువ పడుతోంది, అది చట్టబద్ధమే, అయినా మీకు అన్యాయంగా అనిపిస్తే మిమ్మల్ని తప్పుపట్టను.

సిటీ క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేసి ‘ఇంజనీర్స్ రిపోర్ట్’ అడగండి. మామూలుగా దీన్ని ఏటా తయారుచేస్తారు. అందులో హద్దుల మ్యాపు, ఖర్చుల పట్టిక, ఎవరి మీద ఎంత వేశారన్న లెక్క ఉంటాయి. సాధారణంగా విడి ఇంటికి 1 యూనిట్, కాండో ఫ్లాట్‌కి అంతకన్నా తక్కువ, దుకాణాలకి స్థలాన్ని బట్టి, ఇలా పంచుతారు. మా ఏరియా రిపోర్టు మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. డబ్బంతా మొక్కలకే పోతుందనుకున్నాను, తీరా చూస్తే నీళ్ళ బిల్లే కొండంత. మర్నాడు పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తే డివైడర్ మీద ఒక స్ప్రింక్లర్ తల పక్కకి వంగిపోయి, గడ్డిని వదిలేసి తారు రోడ్డుకి శ్రద్ధగా స్నానం చేయిస్తోంది. అంతకుముందు కూడా దాన్ని రోజూ చూసేవాణ్ణేమో, నా డబ్బని తెలిశాకే కనబడింది.

హెచ్‌ఓఏ వేరు, ఇది వేరు. మామూలుగా గేటు లోపలి పచ్చిక హెచ్‌ఓఏది, గోడ బయట మెయిన్ రోడ్డు వెంట ఉన్నది డిస్ట్రిక్ట్‌ది. ఒకే చెట్టుకి ఇద్దరూ వసూలు చేస్తున్నారేమోనన్న అనుమానం ఉంటే ఆ మ్యాపు దగ్గర పెట్టుకుని చూడండి. హైదరాబాద్‌లో ఇల్లున్నవాళ్ళకి ఇదంతా వింతగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ లైటింగ్, డ్రైనేజీ అన్నీ ఇంటి పన్నులోనే కలిసిపోయి ఉంటాయి, దానికి తోడు లైబ్రరీ సెస్సు. ఏది ఎంతో మనం ఎప్పుడు చూశాం గనక!

ప్రశ్న: సిటీ నుంచి వచ్చిన ఒక కవరుని మా ఆయన జంక్ మెయిల్ అనుకుని చెత్తబుట్టలో పడేశారు. దీపాల చార్జీ పెంచడానికి పెట్టిన బ్యాలెట్ అట, పక్కింటివాళ్ళు చెప్తే తెలిసింది. మాకింకా గ్రీన్ కార్డే రాలేదు, మాకు ఓటేమిటి అని ఆయన వాదన.
– శాన్ రమోన్ పాఠకురాలు

జవాబు: మీ ఆయన ఈ కాలమ్ చదువుతారో లేదో గానీ, చదివి వినిపించండి. ఇది మామూలు ఎన్నిక కాదు, దీనికి పౌరసత్వంతో పని లేదు. స్థలం ఎవరి పేరున ఉంటే వాళ్ళకే బ్యాలెట్. హెచ్1బీ మీద ఉండి ఇల్లు కొన్నా వస్తుంది, చివరికి షాపింగ్ సెంటర్ నడిపే కంపెనీకి కూడా వస్తుంది. ఏ ఎన్నికలోనూ ఓటు లేని మన వాళ్ళకి అమెరికాలో దొరికే ఒకే ఒక్క బ్యాలెట్ బహుశా ఇదే, దాన్ని చెత్తబుట్టలో వేస్తే ఎలాగండీ? కవరు మీద లోపల అధికారిక బ్యాలెట్ ఉందని 16 పాయింట్లకి తగ్గని బోల్డ్ అక్షరాల్లో అచ్చువేయాలని చట్టంలోనే రాసి ఉంది.

ఇదంతా 1996 నవంబరులో ఓటర్లు నెగ్గించిన ప్రాప్ 218 వల్ల వచ్చింది. కొత్త అసెస్‌మెంట్ వేయాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా దాని మీద జరిపే బహిరంగ విచారణకి 45 రోజుల ముందే యజమానులందరికీ నోటీసు, బ్యాలెట్ పంపాలి. తిరిగొచ్చినవాటినే లెక్కిస్తారు, అదీ తలకి ఒకటి చొప్పున కాదు, ఎవరు ఎంత కట్టాలో అంత బరువుతో. మీరు కట్టాల్సింది 200 డాలర్లు, మీ వీధి చివరి షాపింగ్ సెంటర్ కట్టాల్సింది 6,000 అనుకోండి, వాళ్ళ ఒక్క ‘నో’కి మీలాంటి 30 ఇళ్ళ ‘ఎస్’ సరిసమానం. అందులో సగం ఇళ్ళవాళ్ళు కవర్లు పారేస్తే ఇక చెప్పేదేముంది. విచారణ ముగిసేదాకా గడువుంటుంది, ఇచ్చిన బ్యాలెట్‌ని కూడా అప్పటివరకు మార్చుకోవచ్చు, కాబట్టి వెంటనే సిటీకి ఫోన్ చేసి ఇంకోటి అడగండి.

ఎటు వేయాలో నేను చెప్పను, కానీ చూడాల్సినవి రెండున్నాయి. ధరలతో పాటు ఏటా పెరిగే సూత్రం ఏదైనా పెట్టారా? పెడితే ఆ పరిమితి దాటనంతవరకు మళ్ళీ మిమ్మల్ని అడగరు. పెట్టకపోతే ఏమవుతుందో తెలియాలంటే లాస్ ఏంజెలెస్‌ని చూడండి. దాదాపు 2,20,000 వీధి దీపాల ఊరు, చాలా స్థలాల మీద దీపాల చార్జీ 1996 నాటి దగ్గరే ఏళ్ళకేళ్ళు ఆగిపోయింది. రెండోది, ఊరందరికీ కలిగే లాభాన్ని, మీ స్థలానికి మాత్రమే కలిగే లాభాన్ని రిపోర్టులో విడదీసి చూపించారా? ఎందుకంటే ఊరందరికీ కలిగే లాభానికి మీ దగ్గర వసూలు చేయడానికి వీల్లేదు. రివర్‌సైడ్ కౌంటీలోని వైల్డోమార్‌లో పార్కుల కోసం వేసిన అసెస్‌మెంట్‌ని 2010లో అప్పీల్ కోర్టు కొట్టేసింది సరిగ్గా ఈ కారణం మీదే. కేసు గెలిచారు సరే, పార్కులకి డబ్బు ఆగిపోయి కొన్ని మూతపడ్డాయి. చివరికి 2012లో ఓటర్లే ఏడాదికి 28 డాలర్ల పార్కు పన్నుకి ఒప్పుకున్నారు.

ప్రశ్న: మాది గుంటూరు, రిటైరైన టీచర్ని. మా అబ్బాయి దగ్గరికి దక్షిణ కాలిఫోర్నియా వచ్చాం. వీధి మలుపులో దీపం రెండు నెలలుగా వెలగడం లేదు. మా అబ్బాయిని అడిగితే ‘బిల్లులో డబ్బు కడుతున్నాం నాన్నా, వాళ్ళే చూసుకుంటారు’ అంటాడు. మా ఊళ్ళో అయితే లైన్‌మన్‌ని కేకేస్తే పొద్దుగూకేలోగా వెలిగేది.

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి డబ్బు కడుతున్నాడు గానీ దీపం ఆరిపోయిందని ఎవరికైనా చెప్పాడా అని అడగండి. ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అని వీధి వీధంతా అనుకుంటే ఎవరూ చెప్పి ఉండరు. సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళినప్పుడు స్తంభం మీద అతికించిన నంబరు ఫోటో తీసుకోండి. కొన్ని స్తంభాలు సిటీవి, కొన్ని కరెంటు కంపెనీవి, ఎవరిదైనా ముందు అడిగేది ఆ నంబరే. ఒకటే దీపం పోతే మార్చడం పెద్ద పని కాదు. వరసగా నాలుగైదు ఆరిపోతే మాత్రం రాగి తీగల దొంగతనం కావచ్చు. లాస్ ఏంజెలెస్‌లో 2022లో ఆర్భాటంగా తెరిచిన సిక్స్త్ స్ట్రీట్ వంతెన ఈ దొంగల వల్లే చీకటైపోయింది, మైళ్ళ పొడవు తీగ లాక్కుపోయారు. అలాంటిదైతే మీ లైన్‌మన్ వచ్చినా పొద్దుగూకేలోగా అయ్యే పని కాదు.

ప్రశ్న: ఈ చార్జీని ట్యాక్స్ రిటర్న్‌లో మినహాయింపుగా చూపించుకోవచ్చా?

జవాబు: బిల్లు మొత్తం అంకె మాత్రం వేసేయకండి. మామూలుగా వచ్చేది ఇంటి విలువ మీద వేసిన భాగమే. అసెస్‌మెంట్‌లో నిర్వహణకి, మరమ్మత్తుకి పోయే భాగానికి ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్‌ఎస్ కొంత వీలిస్తుంది గానీ, ఆ భాగం ఎంతో మీరే చూపించాలి, చూపించలేకపోతే ఏమీ రాదు. బిల్లు, రిపోర్టు రెండూ మీ పన్ను లెక్కలు చూసే సీపీఏకి ఇవ్వండి. ఈలోగా మొదటి వాయిదాకి డిసెంబరు 10 ఆఖరు, దాటితే 10 శాతం పెనాల్టీ. చాలా కౌంటీల బిల్లుల్లో ప్రతి చార్జీ పక్కనా ఒక ఫోన్ నంబరు ఉంటుంది, సందేహం ఉంటే కౌంటీకి కాదు, ఆ నంబరుకే చేయండి.