పాత నౌకా ఫిరంగుల షెల్ కేసులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పాత ఇత్తడి సామాన్ల కొట్లో ఒక షెల్ కేసు (ఫిరంగి గుండు వెనక మందు నింపే ఇత్తడి గొట్టం) కొన్నాను. ఎత్తు దాదాపు 37 సెంటీమీటర్లు, మూతి ఐదుకు కాస్త తక్కువ. అడుగున బాణం గుర్తుంది. ఏ ఫిరంగిది? (విశాఖపట్నం)

జవాబు: ముందు వెర్నియర్ కాలిపర్‌తో మూతి లోపలి వ్యాసం, అడుగు అంచు వ్యాసం కొలవండి. పొడవు మిల్లీమీటర్లలో తీయండి. మూతి 47, పొడవు 376 వస్తే అది హాచ్‌కిస్ త్రీ పౌండర్‌ది (దాదాపు మూడు పౌండ్ల గుండు పేల్చేది). టార్పెడో పడవల్ని దగ్గరికి రానీయకుండా 1880ల్లో యుద్ధనౌకల మీద బిగించిన ఫిరంగి అది. మూతి అంతే ఉండి పొడవు 411 అయితే విక్కర్స్ త్రీ పౌండర్.

పొడవు చూసి పెద్ద ఫిరంగి అనుకోవద్దు. 57 మి.మీ. హాచ్‌కిస్ సిక్స్ పౌండర్ కేసు పొడవు 307 మాత్రమే. 40 మి.మీ. బోఫోర్స్‌ది 311. ఈ రెంటినీ పొడవుతో విడదీయలేం, మూతి కొలిస్తేనే తేలుతుంది.

మూతి కోసేశారేమో కూడా చూడండి. అసలు కేసులో ఇత్తడి మూతి దగ్గర పల్చగా ఉండి అడుక్కి పోయేకొద్దీ మందమవుతుంది. పూలకుండీ కోసమో యాష్‌ట్రే కోసమో కోసినదాని అంచు మందంగా కనిపిస్తుంది. అలాంటప్పుడు పొడవును పక్కనపెట్టి అడుగు అంచు వ్యాసాన్ని, ముద్రల్ని నమ్ముకోండి.

బాణం బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు గుర్తు. రెండు బాణాలు ఎదురెదురుగా మొనలు కలుపుకుని ఉంటే, సర్కారు దాన్ని అమ్మేసిందని అర్థం.

ప్రశ్న: చిన్న కేసు మీద ‘37-85’ అని ఉంది. 1885లో తయారైందంటూ ఎక్కువ ధర అడుగుతున్నారు. ఇవ్వొచ్చా? (హైదరాబాద్)

జవాబు: వద్దు. అది 37 మి.మీ., 1885 మోడల్ అని చెప్పే ఫ్రెంచి ముద్ర. తయారీ సంవత్సరం విడిగా ఉంటుంది, 17 అంటే 1917. ఆ తూటా పుట్టింది నౌకా ఫిరంగి కోసమే అయినా, మొదటి ప్రపంచ యుద్ధంలో 1916 మోడల్ పదాతిదళ ఫిరంగి కూడా దాన్నే వాడింది. 17 ఉన్న కేసు చాలావరకు కందకాల నుంచి వచ్చినదే. నౌకాదళానిదని చెప్పి అమ్మితే నమ్మకండి.

ప్రశ్న: చింతపండుతో తోమొచ్చా? (రాజమండ్రి)

జవాబు: దయచేసి తోమకండి! పులుపు జింకును లాగేస్తే ఇత్తడి గులాబీరంగుకు తిరుగుతుంది. బూడిద, ఇసుక ముద్రల్ని అరగదీస్తాయి. ముద్రలు పోతే ఆ కేసు ఎక్కడిదో చెప్పే ఆధారం మిగలదు. అమ్మోనియా ఉన్న పాలిష్ అంతకన్నా చేటు. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే, వానాకాలం గుర్రపుశాలల్లో నిల్వచేసిన తూటా కేసులు నిలువునా పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, సాగదీసిన ఇత్తడిలో ఉండిపోయిన బిగువు కలిసి చేసిన పని అది. సబ్బునీళ్లతో మెత్తని గుడ్డతో తుడిచి, బాగా ఆరబెట్టి, మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ పల్చగా రాయండి.

ప్రశ్న: ఇంట్లో పెట్టుకోవడం ప్రమాదమా? (విజయవాడ)

జవాబు: ప్రైమర్ (కేసు అడుగు మధ్యలో ఉండి మందును అంటించే బిళ్ల) మీద గుంట ఉన్నంత మాత్రాన పేలిందని కాదు, ఫిరంగి పిన్ను తగిలినా పేలనివి ఉంటాయి. విద్యుత్తుతో పేలే ప్రైమర్ మీద గుంటే పడదు. కాబట్టి అనుమానం ఉంటే విప్పకండి, వేడి చేయకండి, డ్రిల్ పెట్టకండి. కేసు మూతికి గుండు బిగించి ఉంటే అసలు కదపొద్దు, 112కు ఫోన్ చేయండి. ఖాళీ కేసుకైనా కొన్న బిల్లు దాచుకోండి. ఇతర భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. మీ షెల్ కేసు దాని కిందికి వస్తుందో లేదో పోలీసు స్టేషన్లో అడిగి తేల్చుకోండి.