డ్రైవాల్ బిగించకముందే అటక చూసుకో

చి. శ్రీకాంత్‌కు పెదనాన్న ఆశీస్సులు.

ఫ్లోరిడాలోని టాంపాలో మీరు కట్టించుకుంటున్న ఇంటి ప్లాన్ చూశాను. వంటగది, భోజనాల చోటు, హాలు కలిపి 30 అడుగుల వెడల్పున ఒక్క స్తంభమూ లేదు. అంత వెడల్పును నిలబెట్టేది అరచేతిలో ఇమిడే రేకుముక్క. దాని సంగతి తెలిస్తే ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టకూడదో నీకే తెలుస్తుంది.

ఒకప్పుడు అక్కడా మన పెంకుటిళ్ళలాగే వాసాలు ఒక్కొక్కటే కోసి ఎక్కించేవారు. సీలింగ్ చెక్కలు అంత దూరం ఆగవు కాబట్టి మధ్యలో బరువు మోసే గోడ తప్పేది కాదు. 1950ల్లో ఆ ఫ్లోరిడాలోనే కారల్ శాన్‌ఫర్డ్ చెక్కల్ని అతికే పళ్ళ రేకు తెచ్చాడు. 1955లో కాల్విన్ జూరైట్ గ్యాంగ్‌-నెయిల్ అనే రకం తయారుచేశాడు. ఇప్పుడు సాధారణంగా వాడే రకంలో 20 గేజ్ మందం రేకులో చదరపు అంగుళానికి 8 పళ్ళు, ఒక్కొక్కటి సుమారు మూడోవంతు అంగుళం. అతుకుకు రెండు వైపులా పెట్టి ఫ్యాక్టరీలో ప్రెస్సుతో అదుముతారు. అలా చేసిన ట్రస్, అంటే కప్పును మోసే త్రికోణపు చెక్క చట్రం, ఈ బయటి గోడ మీంచి ఆ బయటి గోడ దాకా ఆగుతుంది. అందుకే లోపలి గోడలు చాలావరకు అడ్డుతెరలే. చాలావరకు అన్నాను, అన్నీ కాదు. మిగతా ట్రస్‌లను మోసే గర్డర్ ట్రస్ ఆనే గోడ బరువు మోస్తుంది, దాన్ని తీయించకు.

కప్పుకు ఎన్ని మలుపులైనా తేలిగ్గా పెట్టగలిగేదీ ఈ ట్రస్‌ల వల్లే. నన్నడిగితే మలుపులు తక్కువున్న కప్పే తీసుకో. రెండు వాలులు కలిసే ప్రతి లోయలోనూ ఆకులు చేరతాయి, నీరు ఎక్కువగా దిగేది అక్కడే.

గోడలకూ సీలింగ్‌కూ డ్రైవాల్ (జిప్సం పలకలు) బిగించకముందు టార్చి, ట్రస్ డ్రాయింగులు పట్టుకుని వెళ్ళు. ప్రతి రేకూ చెక్కకు అతుక్కుపోయి ఉండాలి. రేకు అంచు లేచి, కింద పళ్ళు మెరుస్తూ కనిపిస్తే ఆ అతుకు వదులైనట్టే. క్రేన్‌తో ఎత్తేటప్పుడు ట్రస్ అడ్డంగా వంగితే అలా ఊడుతుంది. సుత్తితో కొట్టేస్తామంటే ఒప్పుకోవద్దు. ఒకసారి ఊడిన పళ్ళు వంగుతాయే గానీ మళ్ళీ పట్టవు. ఇంజనీర్ సంతకంతో రిపేరు డ్రాయింగ్ అడుగు.

తుపాన్ల చోటు కాబట్టి గోడ కాంక్రీటులోంచి వచ్చి ట్రస్‌ను గోడకు కట్టే స్ట్రాప్‌లూ (లోహపు పట్టీలు) చూడు. పట్టీ ట్రస్ మీదుగా తిరిగి ముందువైపు కనీసం 2 మేకులు, అవతలివైపు 1 ఉంటే ఇన్సూరెన్స్ తనిఖీలో దాన్ని ‘సింగిల్ ర్యాప్’గా లెక్కిస్తారు. ఫొటోలు తీసి దాచుకో, తర్వాత ప్రీమియం తగ్గింపుకు పనికొస్తాయి.

ఏసీ గొట్టం పట్టడం లేదని ఎవరైనా ట్రస్ చెక్కను కోస్తే, అది ఒక్క అంగుళమే అయినా, పని ఆపించు. కింది చెక్కకు లెక్కలో ఇచ్చే స్థిరమైన బరువు తరచుగా చదరపు అడుగుకు 10 పౌన్లే. అది సీలింగ్‌కూ, ఇన్సులేషన్‌కూ సరిపోతుంది. అటకలో సామాను పెట్టాలంటే ముందే చెప్పి ఆ లెక్కతో ట్రస్‌లు చేయించుకోవాలి.

కోడలు హాల్లో ఉయ్యాల వేయిద్దామంటోందట. ట్రస్‌కు కొక్కెం దిగ్గొట్టవద్దు. ఊగే బరువు ఒక్కచోటే లాగుతుంటే అతుకులు క్రమంగా వదులవుతాయి. నేలమీద నిలిచే స్టాండు ఉయ్యాల కొనుక్కోండి. సీలింగ్ నుంచే కావాలంటే ఈ వారమే ఇంజనీర్‌కు చెప్పండి, ట్రస్‌లు ఫ్యాక్టరీలో తయారవకముందే అక్కడికి విడిగా దూలం డిజైన్ చేస్తాడు.