పాత ప్రొజెక్టర్‌లో లోపం బయటపడితే ‘చూసే కొన్నారు కదా’ అన్న మాట చెల్లుతుందా?

ప్రశ్న: నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. ఆఫీసులకూ కాలేజీలకూ వెళ్లి కంప్యూటర్ అకౌంటింగ్ తరగతులు చెప్పడమే నా జీవనాధారం. రెండు నెలల క్రితం ఊళ్లోని ఒక సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో 18,500 రూపాయలకు ఎల్‌సీడీ ప్రొజెక్టర్ కొన్నాను. పది వేలు నగదుగా ఇచ్చి, మిగిలింది ఫోన్‌లో పంపాను. తరగతులకు వాడుకుంటాను, ఆదివారాలు ఇంట్లో పిల్లలకు సినిమాలు వేస్తాను. కొనే ముందు దుకాణదారు వాట్సాప్‌లో ‘600 గంటలే వాడింది అన్నా, కొత్తదాని కిందే లెక్క’ అని రాశాడు. దుకాణంలో గోడ మీద ఐదు నిమిషాలు వేసి చూపించాడు. పన్నెండు రోజులకే నలభై నిమిషాలు ఆడగానే దానంతటదే ఆగిపోవడం మొదలైంది, బొమ్మలో ఒక మూల పసుపు మచ్చ కూడా కనిపిస్తోంది. మెకానిక్ విప్పి చూసి, ఇది వేల గంటలు ఆడిన మిషన్ అనీ, గంటల లెక్కను సున్నా చేసి అమ్మారనీ చెప్పాడు. దుకాణంలో అడిగితే ‘చూసే కొన్నారు కదా, చీటీ మీద వాపసు లేదని రాసే ఉంది’ అంటున్నారు. ఇప్పుడు నేనేం చేయగలను? ఇంకో సందేహం: చిత్తూరులో ఒకాయన ఆన్‌లైన్‌లో ఇంకో ప్రొజెక్టర్‌ను ఎనిమిది వేలకే ఇస్తానంటున్నాడు. ఫొటోలో దాని మీద ఏదో కంపెనీ స్టిక్కరు, నంబరుతో సహా కనిపిస్తోంది. కొనవచ్చా?

జవాబు: మీ మొదటి ప్రశ్నలో ముందుగా తేలవలసింది మిషన్ బాగోగులు కాదు, చట్టం దృష్టిలో మీరు వినియోగదారు అవుతారా అన్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార ప్రయోజనం కోసం వస్తువు కొన్నవారిని వినియోగదారు నిర్వచనం నుంచి మినహాయించింది. అయితే స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికి మాత్రమే కొని, తానే వాడుకునే వ్యక్తికి ఆ మినహాయింపు వర్తించదని అదే సెక్షన్ 2(7) కింద ఇచ్చిన వివరణ చెబుతుంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు టైపురైటర్‌ను ఉదాహరణగా తీసుకుంది: సొంత అవసరానికి టైపురైటర్ కొన్నవాడు వినియోగదారే, ఇతరుల కాగితాలు కూలికి టైపు చేయడానికి కొన్నది వ్యాపార ప్రయోజనం కిందికి వచ్చినా, ఆ పని తానే చేసుకుంటూ దాని మీదే బతికేవాడు వినియోగదారుగానే మిగులుతాడని వివరించింది. టైపురైటర్ ఉన్న చోట ప్రొజెక్టర్ పెట్టి చదివితే అది మీ సంగతే. ఒక్కరే తరగతులు చెప్పుకుంటూ, మిగతా సమయంలో ఇంట్లో వాడుకుంటున్నారు కనుక మీరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని నా అభిప్రాయం. ఇదే ప్రొజెక్టర్‌ను పది మంది సిబ్బంది ఉన్న సంస్థ పేరు మీద కొని ఉంటే ఇంత ధైర్యంగా చెప్పేవాడిని కాను. ఫిర్యాదులో మీ వృత్తి గురించి ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇంటి వాడకానికే కొన్నానని రాసి, విచారణలో తరగతుల సంగతి బయటపడితే నష్టపోయేది మీరే.

ఇక ‘చూసే కొన్నారు’ అన్న వాదన. ఇందులో కొంత న్యాయం లేకపోలేదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 ప్రకారం సాధారణంగా కొనేవాడే చూసుకోవాలి. కానీ ఆ రకం సరుకు అమ్మడమే వృత్తిగా ఉన్నవాడి దగ్గర వివరణను నమ్మి కొన్నప్పుడు, ఆ వస్తువు వాడకానికి పనికొచ్చే నాణ్యతతో ఉండాలన్న షరతు రాయకపోయినా ఉన్నట్టే లెక్క. కొనేవాడు పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో కనబడి ఉండవలసిన లోపాలకు మాత్రం ఈ షరతు వర్తించదు. మీ కేసు అంతా ఈ చివరి వాక్యం దగ్గర రెండుగా చీలుతుంది. పసుపు మచ్చ ఎల్‌సీడీ ప్రొజెక్టర్లలో ఏళ్ల తరబడి వేడికి లోపలి పోలరైజర్ (కాంతిని వడకట్టే పలుచని పొర) దెబ్బతినడం వల్ల వస్తుంది. అది ఒక్క రోజులో పుట్టేది కాదు కనుక, ఆ ఐదు నిమిషాల్లో తెల్లటి బొమ్మ వేసి చూసి ఉంటే కనిపించేదని దుకాణదారు అంటే సమాధానం చెప్పడం మీకు కష్టమవుతుంది. నలభై నిమిషాల తర్వాత వేడెక్కి ఆగిపోవడం అలాంటిది కాదు. ఐదు నిమిషాల పరీక్షలో అది ఎవరికీ తెలియదు. అందువల్ల ఫిర్యాదులో బరువంతా దాని మీదా గంటల లెక్క మీదా పెట్టండి, మచ్చను తర్వాత ప్రస్తావించండి.

గంటల విషయంలో దుకాణదారు రాసిన వాట్సాప్ సందేశమే మీ కేసుకు ప్రాణం. అందులో రెండు ముక్కలున్నాయి. ‘కొత్తదాని కిందే లెక్క’ అన్నది అంగడి మాట, దాని మీద ఏ కమిషనూ డబ్బు వాపసు ఇప్పించదు. ‘600 గంటలే వాడింది’ అన్నది మాత్రం అంకెతో చెప్పిన వాస్తవ ప్రకటన. అది అబద్ధమని తేలితే, తెలిసి చెప్పినప్పుడు 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 కింద మోసం, నిజమని నమ్మి చెప్పినా సెక్షన్ 18 కింద తప్పుడు వివరణ అవుతుంది, అలా కుదిరిన ఒప్పందాన్ని సెక్షన్ 19 కింద మీరు రద్దు చేసుకోవచ్చు. ఇక్కడ అవతలివైపు న్యాయవాది వేయబోయే ఎత్తు ఒకటుంది, ముందే చెబుతాను. ల్యాంపు మార్చినప్పుడు మెనూలోకి వెళ్లి ల్యాంపు గంటలను సున్నాకు తేవడం మామూలు పని, అందులో తప్పు లేదు. ల్యాంపు 600 గంటలు, మిషన్ 6,000 గంటలు ఆడి ఉండడం సాధ్యమే. నేను చెప్పింది ల్యాంపు గంటలేనని ఆయన అంటాడు. ఆయన సందేశంలో ల్యాంపు అన్న మాటే లేదు కనుక, మామూలు మనిషి దాన్ని మిషన్ మొత్తం వాడకంగానే అర్థం చేసుకుంటాడని మీరు వాదించవచ్చు. కొన్ని మోడళ్లలో మొత్తం గంటలు వేరుగా నమోదవుతాయి. మీ మిషన్‌లో అది ఉంటే ఆ తెరను ఫొటో తీసి పెట్టుకోండి.

చీటీ మీది ‘వాపసు లేదు’ ముద్రకు ఎక్కువ బెదరవద్దు. చట్టం తనంతట తాను కలిపే షరతులను ఒప్పందం ద్వారా తొలగించుకునే వీలు సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 62లో ఉన్న మాట నిజమే, కానీ అబద్ధం చెప్పి అమ్మినవాడికి ఆ ముద్ర కవచం కాదు. పైగా సరైన బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లో వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం వినియోగదారుల చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతులు.

చేయవలసినవి చెబుతాను. మొట్టమొదట, ఆ ప్రొజెక్టర్‌ను ఇంక ఎవరి చేతా విప్పించకండి. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ముందు రిపేరు చేయించేసి, ఆ తర్వాత కేసు వేస్తానంటారు. అప్పటికి లోపానికి రుజువు చెత్తబుట్టలో ఉంటుంది. ఇప్పటికే చూసిన మెకానిక్ చేత తేదీ, సీరియల్ నంబరు, తాను గమనించిన అంశాలు రాయించి సంతకం తీసుకోండి. ఆన్ చేసిన క్షణం నుంచి ఆగిపోయేదాకా ఆపకుండా ఒకే వీడియో తీయండి. వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోన్‌ను మార్చవద్దు. స్క్రీన్‌షాట్లు దాఖలు చేసేటప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, ఎలక్ట్రానిక్ రుజువులతో ఇవ్వవలసిన ధ్రువపత్రం జతచేయడం మంచిది. నగదుగా ఇచ్చిన పది వేలకు చీటీ తప్ప ఆధారం లేదు కనుక ఆ కాగితం జాగ్రత్త. తర్వాత దుకాణదారుకు పదిహేను రోజుల గడువుతో నోటీసు రాసి, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. ఈలోగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించినా ఖర్చేమీ ఉండదు, కొన్నిసార్లు అక్కడే రాజీ కుదురుతుంది.

జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. ఉమ్మడి చిత్తూరు జిల్లా రోజుల్లోనే రెండో కమిషన్ తిరుపతిలో ఉండేది, 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. మీరు ఉండేదీ పనిచేసేదీ కొన్నదీ ఇక్కడే కనుక ఊరు దాటవలసిన అవసరం లేదు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. గడువు రెండేళ్లు. డబ్బు వాపసు, నష్టపరిహారం, ఖర్చులు అడగవచ్చు. లోపం తేల్చడానికి పరీక్ష అవసరమైతే కమిషన్ ప్రయోగశాలకు పంపుతుంది, ఆ ఫీజు ముందు మీరే కట్టాలి. మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది కానీ అంతకంటే ఎక్కువే పడుతుందనుకుని సిద్ధపడండి. 18,500 రూపాయల కోసం అన్ని వాయిదాలు తిరగడం ఇష్టం లేకపోతే, కేసు వేయకముందే న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌లో రాజీకి పిలిపించవచ్చు. మూడు నాలుగు వేలు తగ్గించుకుని అక్కడ ముగించుకున్నా నేను తప్పనను.

చిత్తూరు ప్రొజెక్టర్ సంగతి వేరు. ఆయన దుకాణదారు కాక, తన వాడకం వస్తువును ఒక్కసారి అమ్ముకునే మామూలు మనిషి అయితే వినియోగదారుల చట్టం ఆయన మీద పనిచేయదు, నాణ్యత గురించి పైన చెప్పిన షరతూ వర్తించదు. లోపం వస్తే సివిల్ కోర్టుకే వెళ్లాలి. అమ్మేవాడికి అమ్మే హక్కు ఉండి తీరాలన్న సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 14 మీకు మిగిలే ముఖ్యమైన రక్షణ, స్టిక్కరు చూస్తే నాకు అనుమానం వస్తున్నది కూడా సరిగ్గా ఆ హక్కు మీదే. సంస్థలు పాత సామాన్లను వేలం వేయడం, ఉద్యోగులకు ఇవ్వడం ఉన్నదే; అది అలా వచ్చి ఉండవచ్చు. దొంగ సొత్తు అయితే మాత్రం, సొంతదారు కానివాడి దగ్గర కొన్నవాడికి అంతకంటే మెరుగైన హక్కు రాదని సెక్షన్ 27 చెబుతుంది కనుక, వస్తువు అసలు సొంతదారుకు పోతుంది, మీ ఎనిమిది వేల కోసం మీరు అమ్మినవాడి వెంట పడాలి. అంతటితో అయిపోదు: దొంగ సొత్తని నమ్మడానికి కారణముండీ దురుద్దేశంతో తీసుకున్నవారికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ల దాకా జైలు ఉంది, సగం ధరకు దొరకడమూ కంపెనీ నంబరు కళ్లకు కనబడడమూ అలాంటి కారణాలేనని పోలీసులు అంటారు. కాబట్టి వేలం రసీదు గానీ, సీరియల్ నంబరు రాసి ఉన్న కంపెనీ ఉత్తరం గానీ అడగండి. అమ్మేవాడి గుర్తింపు కార్డు నకలు, సంతకం చేసిన రసీదు తీసుకోండి. డబ్బు ఆయన పేరున్న బ్యాంకు ఖాతాకే పంపండి. ఆ కాగితాలు చూడకముందే బుకింగ్ కోసం వెయ్యి రూపాయలు వేయమంటే, ఆ వెయ్యి కూడా వేయకండి.