కండువా మార్చినంత మాత్రాన పదవి పోతుందా?

ప్ర: పార్టీ ఎమ్మెల్యేల్లో మూడో వంతు బయటికొస్తే చీలికగా గుర్తిస్తారని మా నాన్నగారు అంటారు. ఇప్పటికీ అంతేనా? (గాజువాక పాఠకుడు)

జ: మీ నాన్నగారి మాట ఒకప్పుడు నిజమే. 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలులో (అదే ఫిరాయింపుల నిరోధక చట్టం), అలా చీలినవారి పదవి పోదనే వెసులుబాటు ఉండేది. 2003లో 91వ రాజ్యాంగ సవరణ దాన్ని తీసేసింది. ఇప్పుడు మిగిలిన దారి విలీనం ఒక్కటే. అందుకు శాసనసభాపక్షంలో, అంటే సభలో ఉన్న ఆ పార్టీ సభ్యుల్లో, మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి.

ఈ లెక్క గెలిచిన సీట్ల మీద కాదు, అప్పటికి సభలో ఉన్న బలం మీద కడతారు. 2018లో తెలంగాణలో కాంగ్రెస్ 19 సీట్లు గెలిచింది. ఎంపీగా ఎన్నికైన ఒకరు రాజీనామా చేయడంతో 18 మంది మిగిలారు. 2019 జూన్‌లో 12 మంది తెరాసలో విలీనమయ్యారు. 19 మందే ఉండి ఉంటే 13 మంది కావాల్సి వచ్చేది! అదే నెలలో రాజ్యసభలో తెలుగుదేశం ఆరుగురిలో నలుగురు భాజపాలో కలిశారు. అదీ సరిగ్గా గీత మీదే. విలీనానికి ఒప్పుకోని మిగిలినవారి సభ్యత్వానికీ ఢోకా ఉండదు.

2014-19 మధ్య వైకాపా 67 మందిలో 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు. మూడింట రెండు వంతులంటే 45 మంది కావాలి. అంటే అది విలీనం కాదు, ఉత్త గోడ దూకుడే. అయినా పదవులు పోలేదు, పైగా నలుగురు మంత్రులయ్యారు. ఎందుకో కింది జవాబులో చూడండి.

ప్ర: విశాఖ దక్షిణం ఎమ్మెల్యే 2020లో పార్టీ మారితే వేటు 2024లో పడింది. ఇంత ఆలస్యమేమిటి? వేటు పడ్డాక పోటీ చేయొచ్చా? (ఎంవీపీ కాలనీ పాఠకురాలు)

జ: తీర్పు చెప్పాల్సింది స్పీకర్. ఎన్నాళ్లలో చెప్పాలో పదో షెడ్యూలులో రాయలేదు. అసలు లొసుగు అదే. ఫిర్యాదు, నోటీసు, వివరణ, విచారణ అంటూ సభ గడువు తీరేదాకా నడిపించొచ్చు. రాజీనామా లేఖ ఇవ్వకపోయినా, ఎదుటి పార్టీతో తిరిగిన తీరును బట్టే ‘స్వచ్ఛందంగా పార్టీ వదిలేశారు’ అని తేల్చవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. కాబట్టి కొరవ సాక్ష్యాలది కాదు, మనసుది. స్పీకర్ మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో కోర్టు అంది. తెలంగాణలో భారాస నుంచి కాంగ్రెస్ వైపు వెళ్లిన పదిమంది ఎమ్మెల్యేల వ్యవహారంలో 2025 జులై 31న మళ్లీ అదే గడువు పెట్టాల్సి వచ్చింది.

రాజీనామాకూ ఇదే తంతు. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా అప్పటి విశాఖ ఉత్తరం ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు 2021లో ఇచ్చిన రాజీనామాను 2024 జనవరిలో ఆమోదించారు.

పోటీకి అడ్డేమీ లేదు. సభ మిగిలిన కాలమంతా పోటీ చేయకూడదనే అధికారం స్పీకర్‌కు లేదని 2019 నవంబరులో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ సభ గడువు తీరేదాకా, లేదా ఈలోగా మళ్లీ గెలిచేదాకా మంత్రి కాకూడదు, అంతే. మీరడిగిన నియోజకవర్గమే చూడండి: తెలుగుదేశం నుంచి వైకాపా వైపు వెళ్లి వేటు పడిన వాసుపల్లి గణేష్‌కుమార్, వైకాపా ఎమ్మెల్సీగా ఉండి జనసేనలో చేరి వేటు పడిన వంశీకృష్ణ శ్రీనివాస్ 2024లో ఒకరిపై ఒకరు పోటీ చేశారు. వంశీకృష్ణ గెలిచారు.

ప్ర: జీవీఎంసీ (విశాఖ మహానగరపాలక సంస్థ)లో పార్టీ మారిన కార్పొరేటర్లకూ ఇదే చట్టమా? (మద్దిలపాలెం పాఠకుడు)

జ: కాదు. పదో షెడ్యూలు పార్లమెంటుకూ చట్టసభలకూ మాత్రమే. కార్పొరేటర్ల సంగతి రాష్ట్ర మున్సిపల్ చట్టాలు చూసుకుంటాయి. 2021లో 98 వార్డుల్లో వైకాపా 58 గెలిచింది. 2025 ఏప్రిల్ 19న మేయర్‌పై అవిశ్వాసం నెగ్గింది. ఎక్స్ అఫీషియోలతో (పదవి రీత్యా ఓటుండే ఎమ్మెల్యేలు, ఎంపీల వంటివారు) కలిపి ఓటున్నవారు 111 మంది, కావాల్సింది మూడింట రెండు వంతులు, అంటే 74, వచ్చిందీ 74. ఒక్కరు జారినా వీగిపోయేదే. క్యాంపులు ఎందుకు పెడతారో ఇక వేరే చెప్పాలా!

ప్ర: విశాఖ ఉక్కు కోసం తెలుగుదేశం మద్దతు ఉపసంహరిస్తే కేంద్ర ప్రభుత్వం పడిపోతుందా? పార్టీ ఫిరాయింపు అవుతుందా? (ఉక్కునగరం పాఠకుడు)

జ: ఫిరాయింపు కాదు. పార్టీ మొత్తంగా కూటమి వదిలితే ఏ సభ్యుడూ తన పార్టీని దాటినట్టు కాదు. మిత్రపక్షం విప్ (ఓటు ఎలా వేయాలో పార్టీ తన సభ్యులకిచ్చే ఆదేశం) మన ఎంపీకి వర్తించదు. మద్దతు ఉపసంహరణ లేఖ రాష్ట్రపతికి ఇస్తారు. ఆపైన బలం తేలాల్సింది సభలోనే, రాజ్‌భవన్‌లోనో రాష్ట్రపతి భవన్‌లోనో కాదని 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన బొమ్మై తీర్పు నాటి నుంచి స్థిరపడింది.

ఇక లెక్క. 2024 ఫలితాల్లో ఎన్డీయేకు 293, మెజారిటీకి 272. తెలుగుదేశం 16 మంది వెళ్తే 277 మిగులుతాయి, ప్రభుత్వం నిలబడుతుంది. జేడీయూ 12 మంది కూడా కదిలితే 265. అమరావతిలో ఇంత ఉత్కంఠ కూడా లేదు: 175 మంది సభలో 88 చాలు, తెలుగుదేశానికి సొంతంగానే 135 వచ్చాయి.